ఆదివారం పూట ఒకరి సరదాలోకి మరొకరు

సంపాదకులకు,

అయ్యా,

మీ ఆదివారం అనుబంధంలో శరత్కాలపు విహారాల మీద వచ్చిన వ్యాసం చదివాను. కొండల మీది చల్లని విడిదులు, వాటి గది అద్దెలు, దారిలో భోజనానికి ఆగవలసిన చోట్లు అన్నీ ఓపికగా సమకూర్చారు. తిరుపతిలో కాపురం ఉండేవాళ్లకు మాత్రం ఆ వ్యాసం పెద్దగా అక్కరకు రాదు. శనివారం వచ్చిందంటే దేశం నలుమూలల నుంచి జనం మా ఊరికే వస్తారు. అలిపిరి దారిలో వాహనాలు బారులు తీరుతాయి. బ్రహ్మోత్సవాలు మొదలుకొని కార్తికం వెళ్లేదాకా ఊరు ఊపిరి పీల్చుకునే వారాంతం దొరకడం అరుదు. అందరూ వచ్చే ఊళ్లో ఉన్నవాళ్లు సెలవు నాడు ఎక్కడికి పోవాలని అడిగితే, ఎక్కడికీ పోనక్కర లేదన్నదే నా జవాబు. ఆలుమగల్లో ప్రతి ఒక్కరికీ మనసుకు నచ్చిన వ్యాపకం ఏదో ఒకటి ఉంటుంది. ఆ వ్యాపకంలోకి రెండోవారు ఒక పూట అడుగుపెట్టి, పక్కన కూర్చుని చూసి లేచిపోకుండా, ఓనమాల నుంచి నేర్చుకోవడానికి సిద్ధపడితే, అంతకంటే చవకైనదీ అంతకంటే కొత్తదీ అయిన విహారం మరొకటి లేదని నా నమ్మకం. ఈ సంగతిని కొంచెం వివరంగా చెప్పుకోవడానికి మీ పత్రికలో చోటివ్వవలసిందిగా కోరుతున్నాను.

ముందుగా రుతువు మాట. కావ్యాలలో శరత్తు అంటే తెల్లని మబ్బులు, తేరుకున్న నీళ్లు, పిండారబోసినట్టున్న వెన్నెల. మన చిత్తూరు, తిరుపతి ప్రాంతాలకు ఆ వర్ణన సగమే వర్తిస్తుంది. నైరుతి రుతుపవనాలు మనకు అరకొరగా విదిలించి పోయిన లోటును అక్టోబరులో వచ్చే ఈశాన్య రుతుపవనాలు తీరుస్తాయి. చెరువులు నిండేదీ, కపిలతీర్థంలో జలపాతం జోరుగా దూకేదీ, తలకోన హోరెత్తేదీ సాధారణంగా ఈ నెలల్లోనే. ఆ వాన హద్దు మీరితే ఎలా ఉంటుందో కూడా మనం చూశాం. 2021 నవంబరు వరదల్లో రాయలచెరువు కట్ట తెగుతుందేమోనన్న భయంతో దిగువ పల్లెలను ఖాళీ చేయించారు. శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని నెలల తరబడి మూతపడింది. అందుచేత వాగులు పొంగే రోజుల్లో జలపాతాల దగ్గరికి ఉరకలు వేయకపోవడమే మంచిది. వాన వెలిసిన పూట మాత్రం ఈ రుతువుకు సాటి లేదు. శేషాచలం కొండలు చేతికి అందేంత దగ్గరికి వచ్చినట్టు కనబడతాయి. ఖరీఫ్ చెనిక్కాయలు మట్టి అంటుకునే బజారుకు వస్తాయి. వాటిని కడిగి, ఉప్పు వేసి, తొక్కతోనే ఉడికించి, వసారాలో చేట ముందు పెట్టుకుని ఇద్దరూ ఒలుచుకుంటూ కూర్చుంటే పొద్దు ఎలా పోయిందో తెలియదు. అడవి సీతాఫలాలు గంపల్లో దిగుతాయి. కళ్లు విచ్చిన కాయ ఏదో, ఎల్లుండికి గాని మెత్తబడని కాయ ఏదో గంప దగ్గర నిలబడి ఏరుకోవడం కూడా ఒక విద్యే, అది అందరికీ అబ్బదు. వీటన్నిటికీ కలిపి అయ్యే ఖర్చు మీ వ్యాసంలోని ఒక గది అద్దెలో ఏ మూలకూ రాదు.

ఇక వ్యాపకాల సంగతి. మా వారికి పక్షులంటే పిచ్చి. ఉద్యోగం చేసినన్నాళ్లూ సెలవు దొరికితే చెరువు కట్టే ఆయన చిరునామా. ఈ రుతువులో చెరువుల్లోకి కొత్త నీరు, ఆ నీటి మీదికి కొత్త పిట్టలు వస్తాయి కాబట్టి ఆశ్వయుజం, కార్తికం ఆయనకు పండగ నెలలు. ఆయన వెంట నేను పోవడం మొదలుపెట్టాక తెలిసిందేమిటంటే, పిట్టలను చూడడమన్నది బైనాక్యులర్ కళ్లకు ఆనించుకోగానే వచ్చే విద్య కాదు. మొదట ఉత్త కంటితో పిట్టను పట్టుకోవాలి. ఆ మీద చూపు చెదరకుండా, తల కదలకుండా, బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి. దాన్ని పెట్టుకున్నాక పిట్ట కోసం వెతకబోతే ఆకులూ ఆకాశమూ తప్ప ఏమీ దొరకవు. ఈ కిటుకు చేతికి వచ్చిన తరువాత, ఏళ్ల తరబడి కొంగల గుంపు అని చెప్పి దాటిపోయిన దాంట్లో ఎన్ని రకాలున్నాయో కనబడింది. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా రెండు దవడల నడుమ సందు ఉంటుంది. అడుగు లోతు బురదలో ముక్కు ముంచి నత్తను పట్టుకుని, గుల్లను తునకలు చేయకుండానే లోపలి కండను లాగి మింగేస్తుంది. నలుపు తెలుపుల లకుముకి పిట్ట నీటికి కాస్త ఎత్తున గాలిలో ఒక్కచోటే రెక్కలు ఆడిస్తూ నిలబడి, తల మాత్రం కదలనివ్వకుండా కిందికే చూస్తూ, ఉన్నట్టుండి నిట్టనిలువునా నీళ్లలో పడుతుంది. చాలాసార్లు ఉత్తి ముక్కుతోనే పైకి లేస్తుందని కూడా చెప్పాలి. విజయదశమి నాడు పాలపిట్ట కనబడితే శుభమని మన వాళ్లు ఊరి బయటికి పోయి వెతుకుతారు గాని, కరెంటు తీగ మీద కూర్చున్న ఆ మట్టిరంగు పిట్ట రెక్క విప్పినప్పుడు బయటపడే నీలాన్ని కాస్త నిలబడి చూసేవారు తక్కువ.

దూరం పోగలిగినవాళ్లకు సూళ్లూరుపేట వైపు నేలపట్టు, పులికాట్ ఉండనే ఉన్నాయి. నేలపట్టులో గూడబాతులు, అంటే పెలికన్లు, అక్టోబరు మొదలుకొని చేరి, నీళ్లలో నిలబడి పెరిగే చెట్ల మీద గూళ్లు పెట్టి పిల్లలను చేస్తాయి. ఆ రెట్ట కలిసిన చెరువు నీరు పైరుకు బలమని చుట్టుపక్కల రైతులు వాటిని కాపాడుకుంటూ వచ్చారు. అయితే అంత దూరం పోయి పిట్టలను చూసి వచ్చినవారి కంటే, ఇంటి పక్క చెరువుకు ప్రతి వారం పోయేవారికే ఎక్కువ తెలుస్తుందని మా వారి వాదన. ఆ మాటలో నిజం ఉంది. నిన్నటి దాకా లేని, తోక పైకీ కిందికీ ఆడించుకుంటూ గట్టు మీద పరుగులు తీసే చిన్న పిట్ట ఈ వారం ఎందుకు వచ్చిందని అడగాలంటే, పోయిన వారం అది లేదని తెలిసి ఉండాలి.

ఇంతవరకు చెప్పింది భార్య భర్త సరదాలోకి పోవడం. ఇది మన సమాజంలో కొత్త కాదు. ఆయన క్రికెట్ చూస్తుంటే ఆమె పక్కన కూర్చోవడం, ఆయన స్నేహితులు చదరంగానికి వస్తే ఆమె కాఫీలు అందించడం లోకంలో ఉన్నదే. దీన్ని తిరగేసి చూస్తేనే చిక్కంతా బయటపడుతుంది. మీ భార్యకు ఇష్టమైన కాలక్షేపం ఏమిటని ఎవరినైనా పెద్దమనిషిని అడిగి చూడండి. వంట అంటారు, పూజ అంటారు, సీరియళ్లు అంటారు. పెళ్లికి ముందు ఆమె వీణ నేర్చుకున్నదనో, ఖోఖో ఆడిందనో, కథలు రాసేదనో చెప్పగలిగినవారు తక్కువ. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాల వినియోగ సర్వే లెక్కల్లో, ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతుంటే, ఆ పని చేసే మగవాళ్లు పెట్టేది 97 నిమిషాలు. ఇంటి పనిలో వేలు పెట్టని మగవాళ్లు ఆ 97లోకి రానే రారన్నది గమనించాలి. ఆదివారం వచ్చిందంటే ఈ అంతరం తగ్గదు సరికదా, బంధువులూ మాంసం కూరా కలిసి దాన్ని ఇంకా పెంచుతాయి. అందువల్ల భార్య సరదాలోకి పోదలచుకున్న భర్త మొదట చేయవలసింది ఆ సరదాకు ఒక పూట ఖాళీ చేసి పెట్టడం. బియ్యం కడిగి కుక్కర్ ఎక్కించడం, గిన్నెలు తోమడం అందులో భాగమే. ఆ పని చేయకుండా నీకేది ఇష్టమో చెప్పు, కలిసి చేద్దాం అనడం ఉత్తి మర్యాద మాట.

నా సరదా కలంకారీ. నేను పుట్టి పెరిగింది శ్రీకాళహస్తిలో. పెడన, మచిలీపట్నం వైపు చెక్క అచ్చులతో అద్దుతారు గాని, కాళహస్తి పని అంతా కలంతోనే. 1950ల నాటికి దాదాపు కనుమరుగవుతున్న ఈ విద్యను, హస్తకళల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ వంటివారు చొరవ తీసుకుని నిలబెట్టారు. దీని మీదే జీవితాన్ని వెచ్చించిన జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. నేను వారి వంటి కళాకారిణిని కాను. చిన్నప్పుడు వీధిలో చూసి పట్టుకున్న కలం, పిల్లలు పెద్దవాళ్లయ్యాక మళ్లీ చేతికి వచ్చింది, అంతే. మా వారు దీన్ని నేర్చుకుంటానన్నప్పుడు నేను బొమ్మతో మొదలుపెట్టలేదు, గుడ్డతో మొదలుపెట్టాను. ముతక నూలు గుడ్డను ఉతికి గంజి పోగొట్టి, కరక్కాయ పొడి కలిపిన పచ్చి ఎనుము పాలలో నానబెట్టి, పిండి, ఎండలో ఆరవేయాలి. పాలలోని కొవ్వు సిరా పారకుండా ఆపుతుంది. తుప్పు పట్టిన ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్లూ కుండలో వేసి వారాల తరబడి పులియబెడితే కసిమి అనే నల్ల సిరా తయారవుతుంది. దాని వాసన గురించి మా ఇంట్లో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. వెదురు పుల్ల కొన చెక్కి, కొనకు కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తే అదే కలం. ఉన్నిని వేలితో ఎంత నొక్కితే అంత సిరా కొనకు దిగుతుంది. ఎక్కువ నొక్కితే చుక్క పడుతుంది, తక్కువైతే గీత మధ్యలో చచ్చిపోతుంది. చింతబొగ్గుతో వేసుకున్న గుర్తుల మీద ఆ కలాన్ని నడిపినప్పుడు గీత మొదట వెలిసిపోయినట్టు కనబడి, గుడ్డలోని కరక్కాయ తగిలి చూస్తుండగానే నల్లబడుతుంది. మా వారు ఆ నల్లబడడాన్ని పిట్టను చూసినంత శ్రద్ధగా చూశారు. అంచు గీతలు సమాంతరంగా వేయడం మాత్రం ఆయనకు ఇంకా కుదరలేదు, అయినా మానలేదు. పటిక నీళ్లు పూసి మంజిష్ఠతో ఎరుపు తెప్పించడం, నీలిమందు వేయడం ఇంకా ముందున్నాయి. ఇప్పుడు ఆయన అంగడిలో కలంకారీ పేరుతో అమ్మే అచ్చు చీరలను దూరం నుంచే గుర్తుపట్టి నాకు చూపిస్తున్నారు, నేను చెట్టు చాటు పిట్టను ఆయన కంటే ముందు చూసి చెప్పినప్పుడు ఆయన ముఖంలో కనబడే చిన్న అసూయకు ఇది సరిపోయింది.

ఇలా ఒకరి సరదాలోకి మరొకరు పోయేటప్పుడు ఇద్దరికీ ఒక్కొక్క క్రమశిక్షణ అవసరమని నా అనుభవం. కొత్తవారు ఫోను జేబులో పెట్టి, ఇది ఎప్పుడు అయిపోతుందని అడగకుండా ఉండాలి. ఇది సులభమే. పాతవారి పనే కష్టం. తనకు కొట్టినపిండి అయిన పనిని ఎదుటివారు తడబడుతూ చేస్తుంటే చేతిలోంచి లాక్కోకుండా కూర్చోవడం, అడిగిన దానికే జవాబు చెప్పి ఊరుకోవడం, నవ్వు వస్తే దిగమింగుకోవడం చాలామందికి చేతకాదు. దశాబ్దాలు బడిలో పాఠాలు చెప్పిన నాకే ఇంట్లో ఆ నిగ్రహం కష్టంగా ఉంటుంది. అలాగే చివరికి ఆ సరదా నచ్చితీరాలన్న నియమం కూడా పెట్టుకోరాదు. పది వారాలు పోయినా పక్షులు నచ్చని మనిషి ఉండవచ్చు. ఆ మనిషి తన భర్తకో భార్యకో ఎందుకు నచ్చాయో తెలుసుకుంటే చాలు.

దీనికి పరిశోధన ఆధారం కావాలనేవారికి ఒకటి ఉంది. అమెరికాలో ఆర్థర్ ఆరన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తా ఆయన సహచరులూ 2000లో ప్రచురించిన అధ్యయనంలో కొన్ని జంటలకు మామూలు పనీ, కొన్ని జంటలకు వింత పనీ ఇచ్చారు. వింత పని ఏమిటంటే, ఇద్దరి మణికట్లనూ చీలమండలనూ ఒక పక్క కలిపి కట్టి, మోకాళ్ల మీద పాకుతూ, చేతులతో పట్టుకోకుండా ఒక దిండును అడ్డంకి మీదుగా దాటించడం. ఆట ఏడు నిమిషాలు. అది ఆడిన జంటలు తమ సంబంధం గురించి మామూలు పని చేసిన జంటల కంటే ఎక్కువ సంతృప్తి కనబరిచాయి. పెళ్లిలో కొంగులు ముడివేసి, బిందెలో ఉంగరం కోసం ఇద్దరి చేతులూ పెట్టించిన మన పెద్దలకు ఈ రహస్యం ముందే తెలుసేమో గాని, వారు ఆ ఆటను మొదటి రోజుతోనే ఆపేశారు.

సెలవు నాడైనా ఎవరి మానాన వారిని వదిలేయకూడదా అని అడిగేవారు ఉంటారు. వదిలేయవచ్చు. మనిషికి ఒంటరి పూట కూడా కావాలి, దాని మీద నాకు పేచీ లేదు. నేను చెబుతున్నది వారాంతంలో ఒక పూట గురించే. బయటికి పోలేని ముసురు రోజుల్లో పాత ఆటలు ఉండనే ఉన్నాయి. పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు. పాత మండపాల రాతి నేల మీద ఆ గళ్లు చెక్కి ఉండడం మనలో చాలామంది చూసిందే. బలపంతో గచ్చు మీద గీసుకుని, చింతగింజలు మేకలుగా, రాళ్లు పులులుగా పెట్టుకుంటే సరిపోతుంది. బారాకట్ట తెలిసిన అవ్వలు ఇంకా ఊళ్లలో ఉన్నారు. అడగవలసింది వారినే.

ఈ ఉత్తరం ద్వారా రెండు విన్నపాలు చేయదలచుకున్నాను. మొదటిది స్థానిక సంస్థలకు. ఊరి చుట్టూ ఉన్న చెరువు కట్టల్లో చాలావాటి మీద కోళ్ల వ్యర్థాలూ ప్లాస్టిక్ సంచులూ పోస్తున్నారు. వాటికోసం చేరే కుక్కల భయంతో ఆడవాళ్లు ఆ దరిదాపులకు పోలేకపోతున్నారు. ఉద్యానవనాలూ రంగు దీపాలూ మేము అడగడం లేదు. చెత్త పడకుండా చూసి, కూర్చోవడానికి నాలుగు రాతి బల్లలు వేయిస్తే అదే పదివేలు. రెండవది మీకు. శనివారం సంచికలో అర కాలమ్ చోటు కేటాయించి, ఈ వారం ఏ చెరువులో నీరుంది, ఎక్కడ ఏ పిట్టలు దిగాయి, ఎక్కడ సంగీత కచేరీ ఉంది, ఆదివారం తెరిచి ఉండే చంద్రగిరి రాజమహల్ మ్యూజియం వంటివి ఏవి, నేర్పడానికి ఇష్టపడే కలంకారీ పనివారు ఏ వీధిలో ఉన్నారు అన్న వివరాలు ప్రతి వారం ఇవ్వండి. చెరువుల సంగతులు మా వారు, కాళహస్తి సంగతులు నేను, గురువారం సాయంత్రానికి మీకు అందేలా రాసి పంపగలం.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
తిరుపతి.